ఆరు వందల నలభై ఎనిమిది

మూడో నంబరు యంత్రంలో పిన్ను అడ్డం పడింది. మెకానిక్కు స్టాప్ బటన్ నొక్కి, నిచ్చెన రెండు మెట్లెక్కి, చేతిని మోచేయి దాకా లోపలికి పోనిచ్చి, పిన్ను మెడ పట్టుకుని తిప్పి లాగాడు. పన్నెండు సెకన్లు పట్టింది. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే పనికి పావుగంట పట్టేది. ఇరవై ఏడేళ్ళలో అతను సాధించింది అదే.

గోడకు ఇటువైపు అతను, పన్నెండు యంత్రాలు, నూనె డబ్బాలు, రెండు బల్బులు. అటువైపు ఆట. బౌలింగు అన్నారు కదా అని క్రికెట్టు అనుకోనక్కర్లేదు. చెక్క పరిచిన సన్నటి బాట ఉంటుంది, దాన్ని లేన్ అంటారు. దాని చివర సీసాల ఆకారంలో పది కొయ్య పిన్నులు ముక్కోణంగా నిలబడి ఉంటాయి. ఈ చివర నుంచి మనిషి ఆరేడు కిలోల బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. ఒక విడతకు రెండు బంతులు, ఒక ఆటకు పది విడతలు. పడిన పిన్నులను ఇనుప కడ్డీ ఒకటి దిగి వెనక్కి ఊడ్చేస్తుంది. యంత్రం వాటిని ఏరుకుని మళ్ళీ నిలబెడుతుంది. మళ్ళీ పడగొడతారు. మెకానిక్కు దీన్ని ఆట కింద జమకట్టడు. "నిలబెట్టినదాన్ని పడగొట్టడానికి చదువుకున్నవాళ్ళెందుకు సార్? మా వీధి కుక్క చాలు" అని ఒకసారి మేనేజరుతో అన్నాడు. మేనేజరు నవ్వలేదు.

గోడ కింది సందులోంచి చూస్తే లేన్ పొడుగునా కనిపిస్తుంది గానీ, ఆ చివర ఉన్న మనుషులు నడుము దాకానే కనిపిస్తారు. అతను వాళ్ళను కాళ్ళనుబట్టే గుర్తుపడతాడు. బంతి వదిలాక ప్రతి ఒక్కరూ ఒకే పని చేస్తారు. ఒంటికాలి మీద వంగి, కుడికో ఎడమకో ఒరిగి, చేయి దాటిపోయిన బంతిని ఒంటితో తిప్పాలని చూస్తారు. ఇన్నేళ్ళలో ఆ ఒరుగుడుకు ఒక్క బంతీ దారి మార్చుకోలేదు. ఒక్క మనిషీ ఒరగడం మానలేదు. లోకం గురించి అతనికి తెలిసిన విషయాల్లో ఇది ముఖ్యమైనది.

ఆదివారం మూడు గంటలకు లీగు మొదలవుతుంది. పన్నెండు జట్లు, జట్టుకు నలుగురు. దానికి సరదా లీగు అని పేరు. పేరులో తప్ప ఆ సరదా ఇంకెక్కడా లేదు. పాయింట్ల పట్టిక దగ్గర డాక్టర్లూ, ప్లంబర్లూ ఒకరినొకరు నెట్టుకుంటారు. కాలు గీత దాటిందా లేదా అన్న వాదనలో ఒకాయన తన వియ్యంకుడితో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. పదకొండో స్థానంలో ఉన్న జట్టు పేరు పిడుగులు. పన్నెండోది స్కూలు టీచర్లది. వాళ్ళు ఈ ఏడాది వచ్చిందే నాలుగు వారాలు.

పిడుగుల కెప్టెన్ దర్జీ. జట్టు చొక్కాలు అతనే కుట్టాడు. నారింజ రంగు గుడ్డ మీద పసుపు పిడుగు. మిగతా ముగ్గురు అతని బావమరిది, మందుల షాపాయన, కారు డ్రైవింగు నేర్పే ఆవిడ. బావమరిదికి బంతి వేసే ముందు వేళ్ళ మీద ఊదుకునే అలవాటు. మందుల షాపాయన కళ్ళు మూసుకుంటాడు. డ్రైవింగావిడ బంతి వదిలాక "బ్రేకు, బ్రేకు" అని అరుస్తుంది. దర్జీ అరవై దాటిన మనిషి, ప్రతి బంతికీ కారణం చెబుతాడు.

ఈ జట్టుకు ఇంకో గుర్తు కూడా ఉంది. ప్రతి వారం వీళ్ళు మెకానిక్కు అక్కను పలకరించి మరీ ఓడిపోతారు.

అక్కకు డెబ్బై ఏడేళ్ళు. ఈ హాల్లోనే బూట్ల కౌంటరులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఆడడానికి వచ్చినవాళ్ళు సొంత బూట్లు విప్పి, హాలువాళ్ళ బూట్లు తొడుక్కోవాలి. వాళ్ళు విప్పిన బూట్లు అందుకోవడం, నంబరు చూసి ఇచ్చిన జత తిరిగొస్తే లోపల మందు కొట్టి తుడిచి అరలో పెట్టడం ఆవిడ పని. ఊళ్ళో పెద్దమనుషులందరి పాదాల వాసన తనకు తెలుసని అనేది. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఏడాదిన్నర. పెంచింది అక్కే. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేరని చెప్పేది. ఇద్దరు అడిగారని అతనికి తెలుసు. తమ్ముడు కూడా వెంట వస్తాడని అక్క చెప్పగానే ఇద్దరూ మళ్ళీ కనపడలేదు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ అక్కే. రిటైరై పంతొమ్మిదేళ్ళయినా ఆదివారం రెండున్నరకల్లా బస్సు దిగి వస్తుంది. తలుపు పక్కన కుర్చీ వేయించుకుని, గోడ మీది బోర్డు కింద కూర్చుంటుంది.

ఆ బోర్డు కోసమే వస్తుంది. 'ఒక ఆటలో జట్టు అత్యధిక స్కోరు' అని పైన, 648 అని మధ్యలో, దాని కింద నాలుగు పేర్లు. బోర్డు మీద ఒక్క జట్టుకే చోటు. కొత్త రికార్డు వస్తే పాతదాన్ని గీకేసి దాని మీదే రాస్తారు. పంతొమ్మిదేళ్ళుగా గీకే అవసరం రాలేదు. అది అక్క రిటైరయ్యే వారం సిబ్బంది జట్టు చేసిన స్కోరు. కౌంటరు గుమాస్తా, క్యాంటీను వంటవాడు, అక్క, తమ్ముడు. గుమాస్తా చనిపోయాడు. వంటవాడు ఎక్కడున్నాడో తెలియదు. అక్క మాత్రం కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఆ నంబరు చెబుతుంది. బ్యాంకు ఖాతా నంబరు అడిగితే తడుముకుంటుంది గానీ ఆరు వందల నలభై ఎనిమిది అడగకుండానే వస్తుంది. డెబ్బై ఏడేళ్ళలో ఆవిడకు నలుగురూ చప్పట్లు కొట్టింది ఆ ఒక్క రోజే.

"ఏడు, ఎనిమిది రెడీనా?" మేనేజరు తలుపు సందులోంచి అడిగాడు.

"రెడీ సార్."

అతను ఆ రెండు యంత్రాల వైపు చూడకుండానే చెప్పాడు.

బయట దర్జీ బూట్ల తాళ్ళు కట్టుకుని, బోర్డు కింద నిలబడ్డాడు. నీళ్ళు తాగడానికి వచ్చిన మెకానిక్కు పక్కనే ఆగాడు.

"ఏం పెద్దమ్మా, ఇవాళ మీ రికార్డు గల్లంతే."

"పోయినవారం కూడా అదే అన్నావు నాయనా."

"పోయినవారం బూటు బిగుతైంది."

"అంతకుముందు వారం?"

"లైటు కళ్ళలో కొట్టింది పెద్దమ్మా. ఒట్టు."

"ముందు ఆ గుండీ సంగతి చూసుకో. దర్జీవై ఉండి గుండీ ఊడిన చొక్కాతో వచ్చావు."

"గుండీ తప్పేముందండీ పాపం" అన్నాడు బావమరిది. "బావ పొట్టను ఎంతకాలమని మోస్తుంది?"

డ్రైవింగావిడ పెద్దగా నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు. మెకానిక్కు నీళ్ళు తాగి గోడ వెనక్కి వెళ్ళిపోయాడు. ఓడిపోయేవాళ్ళు ముందుగా నవ్వడం అతనికి చికాకు. ఓడాకా నవ్వుతారు, అది ఇంకా చికాకు.

ఏడు, ఎనిమిది లేన్లలో పిడుగులకూ, బ్యాంకువాళ్ళకూ ఆట పడింది. రెండు జట్లూ ఒక్కో విడతకు లేన్ మార్చుకుంటూ ఆడతాయి. మెకానిక్కు పదకొండో యంత్రం దగ్గర ఉన్నాడు. దాని బెల్టు శనివారం తెగింది. మూసేదాకా దానితోనే సరిపోయింది. ఇప్పుడు బిగువు సరిచూస్తున్నాడు. చెవుల్లో దూది ఉంది. అటు నుంచి అరుపులు వినిపించాయి. పట్టించుకోలేదు. మందుల షాపాయనకు పొరపాటున పదీ పడి ఉంటాయనుకున్నాడు. కళ్ళు మూసుకుని వేసినవాడికి కూడా ఏడాదికి మూడుసార్లు పడతాయి. గుడ్డివాడు విసిరిన రాయి కాయకు తగిలినట్టు.

అరుపులు ఆగలేదు. మళ్ళీ అరిచారు. మూడోసారి అరిచినప్పుడు అతను స్పానరు కింద పెట్టి ఏడో యంత్రం వెనకకు వచ్చాడు. నెత్తి మీది చిన్న తెర మీద స్కోర్లు చూశాడు. ఐదు విడతలయ్యాయి. పిడుగులు నలుగురూ నూట ఇరవై, నూట ముప్పై దాటని మనుషులు. ఇవాళ డ్రైవింగావిడ వరసగా మూడు స్ట్రైకులు వేసింది. స్ట్రైకు అంటే ఒకే బంతికి పదీ పడడం. బ్యాంకువాళ్ళు కూడా ఎప్పుడూ లేనంత బాగా ఆడి, అయినా వెనకబడ్డారు. తాము ఇంత బాగా ఎలా ఆడుతున్నామని బ్యాంకువాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. బాగా జరుగుతున్నప్పుడు ఎవరికీ రాదు.

ఆరో విడతలో బావమరిది వేళ్ళు ఊదుకుని బంతి వేశాడు. నడుచుకుంటూ పోతే దాన్ని దాటిపోవచ్చు, అంత నెమ్మదిగా వచ్చింది. ఐనా పదీ లేచిపోయాయి. ఒక పిన్ను బంతిని ఆపే పట్టా మీదుగా ఎగిరి మెకానిక్కు కాళ్ళ దగ్గర పడింది. అంత నెమ్మది బంతికి పిన్ను అంత దూరం ఎగరదు. వంగి తీశాడు. తీయగానే చేతికి తెలిసింది. తిప్పి అడుగు చూశాడు. ఆకుపచ్చ చుక్క.

హాల్లో రెండు రకాల పిన్నులుంటాయి. పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. పుట్టినరోజు పార్టీలకు పిల్లలు వచ్చినప్పుడు వేసేవి దాదాపు రెండు వందల గ్రాములు తేలిక. పిల్లల చేతుల్లో బలం ఉండదు కాబట్టి, ఊరికే పడిపోవాలి కాబట్టి. వాటి అడుగున చుక్క పెట్టింది అతనే. శనివారం ఏడు, ఎనిమిది లేన్లలో పార్టీ జరిగింది. అయ్యాక, యంత్రానికి ఇరవై చొప్పున, నలభై పిన్నులూ మార్చాలి. అప్పుడే పదకొండు బెల్టు తెగింది. మార్చలేదు. రెడీ సార్ అన్నాడు.

ఇరవై ఏడేళ్ళు జనం చేతకానితనం లెక్కపెట్టినవాడు తన దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ముందుగా వచ్చిన ఆలోచన సుఖంగానే ఉంది. వెళ్ళి మేనేజరుకు చెప్పాలి. ఆట రద్దవుతుంది. నారింజ చొక్కాలు నాలుగూ వాడిపోతాయి. బోర్డు జోలికి ఎవరూ రారు, అక్క పేరు అక్కడే ఉంటుంది. రెండో ఆలోచనకు ఆ సుఖం లేదు. తేలిక పిన్నులంటూ ఉన్నాయని మేనేజరు పట్టించుకున్న క్షణం నుంచి, ఇవి ఇంకెప్పుడు ఏ లేన్లో పడ్డాయి అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు అతనికి తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట, సిబ్బంది ఆట రోజున, పొద్దున్నే వచ్చి సిబ్బంది ఆడే లేన్లో ఇవే వేశాడు. అది మరపు కాదు. కావాలనే వేశాడు. అక్క కౌంటరు వదిలి వెళ్ళిపోతోంది. వెళ్ళేముందు ఒక్కసారి ఆవిడ ఏదైనా గెలవాలనుకున్నాడు. ఆట మీద గౌరవం ఉన్నవాడికి ఆ పని కష్టం. అతనికి ఏ కష్టమూ కలగలేదు. ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా.

ఏడో విడత అయింది. ఎనిమిదో విడత అయింది. పక్క లేన్ల వాళ్ళు తమ ఆట ఆపి పిడుగుల వెనక చేరుతున్నారు. మామూలుగా వీళ్ళను చూసి మొహం తిప్పుకునే డాక్టరు దర్జీ భుజం మీద చెయ్యి వేశాడు. తొమ్మిదో విడత మధ్యలో మెకానిక్కు దూది తీసి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. మేనేజరు బల్ల దగ్గరికి పోవాలంటే అక్క కుర్చీ దాటే పోవాలి.

"ఎక్కడికి?"

"మేనేజరు దగ్గరికి. ఏడూ ఎనిమిదీలో..."

"పిల్లల పిన్నులున్నాయి. తెలుసు. మెల్లిగా మాట్లాడు."

అతను ఆగిపోయాడు. అక్క లేన్ వైపే చూస్తోంది.

"రెండో విడతకే తెలిసింది. చెంచాలు కింద పడ్డట్టు మోగుతున్నాయి. ఇరవై రెండేళ్ళు విన్నానురా ఆ చప్పుడు. ఆట వాళ్ళకి చూడ్డానికి, కౌంటరు వెనక నాకు వినడానికేగా."

అతను వెనక్కి తిరిగి ఏడో లేన్ చూశాడు.

"ఆ రోజూ ఇలాగే మోగాయి" అంది.

"అక్కా..."

"అక్కా లేదు గిక్కా లేదు. నువ్వే మార్చావని ఆ రాత్రే తెలిసింది నాకు. అన్నం తినేటప్పుడు నా మొహం చూళ్ళేదు నువ్వు."

"మరి పంతొమ్మిదేళ్ళుగా ఊరంతా చెప్పుకుంటున్నావుగా?"

"చెప్పుకోకేం? బంతి నేను వెయ్యలేదా? చప్పట్లు కొట్టినవాళ్ళు నన్ను చూసి కొట్టలేదా? తెలిసిన రోజు ఏడ్చాను. తర్వాత ఆలోచించాను. ఒక్కటంటే ఒక్కటొచ్చింది నాకు. దాన్ని తక్కెట్లో పెట్టి, తూకం తక్కువైందని వెనక్కిచ్చేస్తానా? అంత పిచ్చిదాన్నా?"

లేన్ దగ్గర మందుల షాపాయనకు స్ట్రైకు పడింది. అతను కళ్ళు తెరిచి, ఖాళీ లేన్ చూసి, ఏం జరిగిందని పక్కవాళ్ళను అడిగాడు.

"వీడొకడు" అంది అక్క. "దేవుడు వరమిస్తానని వచ్చినా నిద్రలో ఉంటాడు."

"చెప్పకపోతే నీ పేరు పోతుందక్కా."

"పోతే పోనీ. ఈ వయసులో పేరు కడుక్కుని తాగనా?" గడ్డంతో దర్జీ వైపు చూపించింది. "వాణ్ణి చూడు. ఇంట్లో పెళ్ళాం మాట్లాడనివ్వదు, షాపులో కొడుకు కత్తెర ముట్టుకోనివ్వడు. పెళ్ళినాడు కూడా వాడి మొహం ఇలా వెలిగి ఉండదు. ఇప్పుడెళ్ళి, అయ్యా ఇవి పిల్లల పిన్నులయ్యా అని చెప్పు. చెప్పగలిగితే చెప్పు."

అతను మేనేజరు బల్ల వైపు చూశాడు. మేనేజరు బల్ల దగ్గర లేడు. అతనూ పిడుగుల వెనకే నిలబడి ఉన్నాడు.

"వెళ్ళరా. ఇప్పుడు గానీ యంత్రం ఆగిందంటే గుండాగి చస్తారు వెధవలు."

అతను గోడ వెనక్కి వెళ్ళాడు. ఏడో యంత్రం పక్కన నిలబడ్డాడు. దూది పెట్టుకోలేదు.

ముగ్గురి ఆటా అయిపోయింది. దర్జీ ఆఖరి విడత మిగిలింది. తెర మీద జట్టు స్కోరు ఆరు వందల ముప్పై రెండు. ఇంకో పదిహేడు పిన్నులు పడితే రికార్డు. పదహారు పడితే సమానం, సమానమైతే బోర్డు మీద పాత పేర్లే ఉంటాయి. ఆఖరి విడతలో మొదటి బంతికే పదీ పడితే ఇంకో రెండు బంతులు వేయనిస్తారు. రెండు బంతులకు పడితే ఇంకొక్కటే.

నారింజ చొక్కా కింది అంచు, దాని కింద లావుపాటి కాళ్ళు గీత దగ్గరికి వచ్చాయి. దర్జీ బంతి వదిలి కుడికి ఒరిగాడు. అతని వెనక నిలబడ్డ నలభై మందీ కుడికి ఒరిగారు. బంతి ఒరగలేదు, తిన్నగా వచ్చింది. పదీ పడ్డాయి.

ఆ అరుపుకు గోడ మీది బల్బు అదిరింది. మెకానిక్కు యంత్రం మీద చెయ్యి వేశాడు. ఇనుము వణుకుతోంది. అది మోటారు వణుకే.

రెండో బంతి పక్కగా వచ్చి ఆరు పిన్నులను తీసుకుపోయింది. ఆరు వందల నలభై ఎనిమిది. సమానం. నాలుగు నిలబడ్డాయి. యంత్రం ఆ నాలుగింటినీ పైకెత్తింది, కడ్డీ పడినవాటిని ఊడ్చింది, నాలుగింటినీ మళ్ళీ దింపింది. హాల్లో ఎవరూ మాట్లాడడం లేదు. డ్రైవింగావిడ కూడా.

దర్జీకి ఒక్క పిన్ను చాలు. పసిపిల్లవాడు కూడా పడగొట్టగలడు. అందుకే దర్జీకి పట్టు తప్పింది. బంతి జారి పడి, లేన్ అంచు వెంట, పక్క కాలవలో పడుతుందా అన్నట్టు వచ్చింది. నాలుగింట్లో మూడింటి ఛాయలకు పోలేదు. వెనక వరస మూలన ఉన్న పిన్నును రాసుకుని, పిన్నుల వెనక ఉండే గుంటలో పడింది.

ఆ పిన్ను ఊగింది. అటు వంగింది, ఇటు వంగింది. అసలు పిన్నయితే ఈపాటికి కుదురుకునేది. ఇది కుదురుకోలేదు, పడనూ లేదు. బంతి గుంటలో పడ్డాక కడ్డీ దిగడానికి రెండు సెకన్లు పడుతుంది. కడ్డీ తాకితే ఇక పిన్ను పడ్డా లెక్కలోకి రాదు. కడ్డీ కదిలే ముందు వచ్చే కటుక్కుమనే చప్పుడు మెకానిక్కుకు వినిపించింది.

అతని చెయ్యి స్టాప్ బటన్ నొక్కింది.

కడ్డీ గాల్లో ఆగిపోయింది. ఎదురుగా జానెడు దూరంలో పిన్ను ఊగుతోంది. "పడవే" అని ఎవరో అన్నారు. అన్నది తనే. నలభై మంది ఎటు ఒరిగారో అతను చూడలేదు. అతను ఎడమకు ఒరిగి ఉన్నాడు, ఒంటికాలి మీద.

పిన్ను పడింది.

అతను బటన్ పైకి లాగాడు. కడ్డీ దిగింది, ఊడ్చింది. అవతల ఏదో కూలినట్టు చప్పుడు. దర్జీని ఎత్తబోయి బావమరిదీ మందుల షాపాయనా ముగ్గురూ కలిసి పడ్డారు. పడినవాళ్ళు లేవకుండా నవ్వుతున్నారు. డాక్టరు ఈల వేశాడు. మెకానిక్కు నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. నోరు నవ్వుతోందని కాసేపటికి తెలిసింది. చేత్తో తుడుచుకున్నాడు. అప్పటికీ పోలేదు.

ఐదింటికి నలభై పిన్నులూ మార్చాడు. ఆరింటి బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. మూడు స్టాపులు దాటాక అడిగింది.

"కడ్డీ ఆలస్యంగా దిగిందేంరా?"

"మోటారు పట్టేసింది."

"అలాగా" అంది. ఇంకో స్టాపు దాటాక, "చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు మండుతున్నాయి. వెధవలు. ఒక్కడికీ చేతకాదు" అంది.

బుధవారం మధ్యాహ్నం అక్క తిని పడుకుని మళ్ళీ లేవలేదు. గుండె అని డాక్టరు రాసిచ్చాడు. శుక్రవారం పెయింటరు వచ్చి బోర్డు గీకి కొత్త పేర్లు రాశాడు. మెకానిక్కు సెలవులో ఉన్నాడు.

ఆదివారం పొద్దున దర్జీ, బావమరిది పరామర్శకు వచ్చారు. ముందుగది చిన్నది. బావమరిది మంచం అంచున, దర్జీ కిటికీ పక్కన అక్క కుర్చీలో కూర్చున్నారు. మెకానిక్కు దర్జీ చేతికి టీ గ్లాసు ఇచ్చి నేల మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మ ఎంత మంచి మనిషండీ" అన్నాడు దర్జీ. "తన రికార్డు పోతున్నా చప్పట్లు కొట్టింది. నేను చూశాను. అంత పెద్ద మనసు..." టీ గుక్కెడు తాగాడు. "ఆ రోజు అసలు మొదటి విడతలోనే నాకు ఏదో తెలిసిందండీ. చేతికి తెలుస్తుంది. మా డ్రైవింగు చెల్లెమ్మ మూడు స్ట్రైకులు వేసింది చూశారా, అక్కడ పట్టు దొరికింది."

చావింట్లో కూర్చుని ఆటంతా చెప్పాడు. విడత తర్వాత విడత, ఇరవై నిమిషాలు. గ్లాసు పట్టుకున్న చేత్తోనే బంతి వేసి చూపించాడు. బావమరిది రెండుసార్లు దగ్గాడు. దర్జీ ఆగలేదు.

"ఇక ఏడో విడత. మావాడు వేళ్ళు ఊదుకుని వేశాడండీ, నత్తలాగా పోతోంది బంతి, అయినా పదీ ఎగిరిపోయాయి!"

"ఏడోది కాదు" అన్నాడు మెకానిక్కు. "ఆరోది. ఏడో విడతలో ఆయన రెండు వదిలేశాడు."

దర్జీ నోరు తెరిచి చూశాడు. బావమరిది కూడా.

"మీరు వెనకెక్కడో ఉంటారు కదండీ?"

"కనిపిస్తుంది." మెకానిక్కు నేల మీద కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు. "ఎనిమిదో విడత నుంచి చెప్పండి."

దర్జీకి రెండు చేతులూ కావలసి వచ్చాయి. గ్లాసు పెట్టడానికి చోటు కోసం, కిటికీ గట్టు మీదున్న గాజు గిన్నెను చూడకుండానే వేళ్ళతో పక్కకు నెట్టాడు. అందులో అక్క కట్టుడు పళ్ళ సెట్టు ఉంది, పై వరసా కింది వరసా. బుధవారం పోసిన నీళ్ళు సగానికి దిగాయి.